పలికే సున్నం

గుంపస్వామి మళ్ళీ తాగొచ్చాడు.

అదీ ఎల్లాజీ బాధ. పొద్దు పొడవగానే వెళ్ళి సైదయ్య తాత ముందు నిలబడ్డాడు. తాత అరుగు మీద కూచుని మోదుగాకు దొప్పల్లో మట్టి నింపుతున్నాడు. ఒక్కో దొప్పలో ఒక్కో చిక్కుడు గింజ పెట్టి, పైన వేలితో మెల్లిగా అద్ది పక్కన పెడుతున్నాడు.

"తాతా, వాణ్ణి పంపించీ," అన్నాడు ఎల్లాజీ. "ఇంక మన వల్ల కాదు."

"ఎవర్ని?"

"ఎవర్నేటి, గుంపస్వామిని! నిన్న సంతకని వెళ్ళి తూలుకుంటూ వచ్చాడు. పశువుల పాకలో పడున్నాడు."

"అన్నం తిన్నాడా?"

ఎల్లాజీకి ఒళ్ళు మండింది. అడగాల్సిన ప్రశ్న అదా అసలు!

ఆ చోటు సంగతి కొంచెం చెప్పాలి. నేరేడువలస తక్యా అని, తూర్పు కనుమల్లో ఒక కొండవాలు మీద ఉంటుంది. ఏడాదిలో సగం వాన, మిగతా సగం మంచు. ఒకప్పుడు దేశాలు తిరిగే ఫకీర్లు నాలుగు రోజులు ఆగి వెళ్ళే మజిలీ అది. తిరిగీ తిరిగీ వచ్చిన సైదయ్య తాత మాత్రం ఆగాడు గానీ వెళ్ళలేదు. ఆయన ఎవరికీ ఉపదేశం ఇవ్వడు. కులం అడగడు, దేవుణ్ణి అడగడు. ఆకలేస్తోందా అని మాత్రం అడుగుతాడు. తిని వెళ్ళినవాళ్ళు భక్తులు, తిన్నాక కూడా వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళు శిష్యులు. అంతే తేడా.

ఎల్లాజీ అలా ఉండిపోయినవాడే. సముద్రం ఒడ్డు మనిషి. ఒళ్ళు చూస్తే మద్దిమాను. భీమిలి అవతల సున్నపు బట్టీలో గుల్లలు, ఆల్చిప్పలు కాలుస్తూ పెరిగి, ఆ బట్టీకే మేస్త్రీ అయ్యాడు. భార్య పోయాక మనసు విరిగి కొండెక్కాడు. బట్టీ వదిలాడు గానీ బట్టీ అతన్ని వదల్లేదు. ఏం మాట్లాడినా చివరికి సున్నం దగ్గరికే వస్తాడు.

"సున్నం పలకాలి," అంటాడు. "బట్టీలోంచి తీసిన ముక్క మీద చెంబుడు నీళ్ళు పోస్తే బుస్సుమని లేవాలి, పొంగాలి, పొగలు కక్కాలి. అలా పలికిందా, మేలైన సున్నం. పలకలేదా, పారెయ్. మాటైనా అంతే. చుర్రుమనని మాట మాటే కాదు."

ఇక గుంపస్వామి. కింద ఊళ్ళో లారీల మీదికి మూటలెత్తే కూలీ. మంచివాడే, చుక్క పడేదాకా. పడితే ఇల్లూ ఒళ్ళూ తెలీదు. వైద్యుడు లోపల కాలేయం సగం పోయిందని, ఇంక తాగితే మనిషి దక్కడని చెప్పేశాడు. భార్య చిన్నాలమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "తాతా, నాకు ఈ ఒక్క మనిషే ఉన్నాడు," అని అరుగు మీద కూలబడి ఏడ్చింది. తాత అతన్ని ఎల్లాజీకి అప్పజెప్పాడు.

ఎల్లాజీ తనకి లేని తమ్ముణ్ణి అతనిలో చూసుకున్నాడు. చారులో ముక్క తన ఆకులోంచి తీసి అతని ఆకులో వేసేవాడు. చలికి తన దుప్పటి కప్పేవాడు. గుంపస్వామి కూడా ఊరికే కూచునే రకం కాదు. పశువుల పాకలోంచి చిక్కుడు మడిలోకి గంపలు గంపలు పెంట మోసి పోశాడు, నెలల తరబడి. చెయ్యి వణుకు తగ్గింది, మొహంలో కళ వచ్చింది. ఇక గట్టెక్కాడనుకుంటుండగా ఇదిగో, ఈ సంత. ఎల్లాజీ కోపానికి అదీ కారణం. ఎవడో తాగితే మనకేం? మనవాడు తాగితేనే కదా మండేది.

"ఇవాళ గురువారం తాతా. చిన్నాలమ్మ వస్తాది. ఏ మొగం పెట్టుకుని చూస్తాడు? నువ్వడగవు గనక నాను అడుగుతాను."

"అడుగు," అన్నాడు తాత, దొప్పలోంచి తల ఎత్తకుండా. "అన్నం తిన్నాక అడుగు."

ఎల్లాజీ అంతదాకా ఆగితే కథేముంది!

మధ్యాహ్నం జనం బంతిలో కూచున్నారు. చిన్నాలమ్మ ఆడవాళ్ళ వరసలో, గుంపస్వామి చివర ఒక మూలగా, తల దించుకుని. వడ్డించేది ఎల్లాజీయే. అందరికీ వడ్డించుకుంటూ వచ్చి అతని ముందు ఆగాడు. గరిటె చేతిలోనే ఉంది, కూర మాత్రం పడలేదు.

"ఏరా, కూడు తినడానికి సిగ్గు లేదా నీకు? నీ పెళ్ళాం పదిళ్ళ అంట్లు తోముకుంటూ నిన్నిక్కడ ఒగ్గీసి వెళ్ళింది, మనిషివవుతావని. అయ్యావా మనిషివి? సంతలో ఎవడి కాళ్ళట్టుకుని తాగావురా? ఇంకోసారి తాగొచ్చావంటే కొడతాను చూడు, సున్నంలోకి ఎముక కూడా మిగలదు!"

సున్నపు మేస్త్రీ నోట ఆ మాట వినేసరికి బంతిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తిట్టు కన్నా లోతుగా దిగింది.

గుంపస్వామి కలిపిన ముద్ద ఆకులో పెట్టేశాడు. భార్య వైపు ఒక్కసారి చూశాడు. లేచి పాకలోకి వెళ్ళిపోయాడు. చిన్నాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆమె కూడా తినలేదు.

తర్వాత రెండు మూడు రోజులు గుంపస్వామి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంత మజ్జిగ ఇస్తే తాగేవాడు, లేకపోతే లేదు. ఎల్లాజీకి మాత్రం లోపల్లోపల గెలిచినట్టే ఉంది.

"చూశావా తాతా! నా మాట పలికింది. ఆ రోజునించీ వాడు చుక్క ముట్టలేదు."

"అవున్రా," అన్నాడు తాత. "మెతుకూ ముట్టలేదు."

తాత ఇక ఆ మాట ఎత్తలేదు. దొప్పలకి నీళ్ళు చిలకరిస్తూ వేరే సంగతిలోకి వెళ్ళాడు.

"చిక్కుడు మడి సంగతి ఆలోచించావా?"

గురువారం వచ్చినవాళ్ళకి పెట్టే కూర తక్యా నేలలో పండిందే కావాలని తాత పట్టు. ఆ పట్టు రెండేళ్ళుగా నిలవడం లేదు. చిక్కుడు తీగ మోకాలి ఎత్తు లేచి పసుపుపచ్చగా ముడుచుకుపోతోంది. మడి నిండా పులిచింత కలుపు మాత్రం ఏపుగా పెరుగుతోంది. అంతకుముందే వ్యవసాయం ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి, మట్టి సంచీలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించి, మళ్ళీ అంత కొండా ఎక్కొచ్చి చెప్పింది: "ఏళ్ళ తరబడి వానకి నేలలో సారం కొట్టుకుపోయి పులుపెక్కింది తాతగారూ. సున్నం వెయ్యాలి. అయితే ఏ సున్నం అంటే..."

"సున్నమా! ఆ సంగతి నాకొగ్గీ తల్లీ," అని ఎల్లాజీ అడ్డొచ్చాడు. "పుట్టిన దగ్గర్నించీ సున్నంలోనే ఉన్నాను." పాపం ఆ అమ్మాయి చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది, మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

"సున్నం తెస్తావా మరి?" అన్నాడు తాత.

తెస్తావా అని అడగాలా! ఎల్లాజీ ఆ రోజే కొండ దిగాడు. పాత బట్టీకి వెళ్ళాడు. అప్పుడే చల్లారుతున్న గుల్లలో తెల్లగా, తేలిగ్గా, గోటితో కొడితే ఖంగుమనేవి ఏరి మూట కట్టించాడు. చెమ్మ తగలకుండా పైన ఇంకో ప్లాస్టిక్ సంచీ. బస్సులో కండక్టర్ "ఏటిది?" అంటే, "సున్నం. నీళ్ళ చుక్క తగల్నీకు, నీ బస్సుకి మంచిది కాదు," అన్నాడు. కండక్టర్ ఘాట్ రోడ్డంతా ఆ మూట వంక, కిటికీలోంచి మబ్బు వంక చూస్తూనే ఉన్నాడు.

ఎల్లాజీ తిరిగొచ్చేసరికి దొప్పల్లో గింజలు మొలిచి రెండేసి ఆకులు విప్పాయి. గుంపస్వామి పాకలోనే ఉన్నాడు. పలకరిద్దామా అనుకున్నాడు ఎల్లాజీ. ఇంకొన్నాళ్ళు నాననీ, బుద్ధొస్తుంది అనుకుని మడి దగ్గరికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే ముక్కలు చితక్కొట్టి మడంతా జల్లాడు. తెల్లగా, పండక్కి ముగ్గేసినట్టు కనిపించింది. ఎల్లాజీ నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుంటుండగా సన్నగా జల్లు మొదలైంది.

ఇక చూడండి. మడి బుస్సుమంది. అక్కడా ఇక్కడా పుట్టలు పుట్టలుగా లేచింది, పొగలు కక్కింది. దాంతోపాటు పెంటలోంచి ఘాటైన వాసన ఒకటి లేచి ముక్కు పుటాలు కాల్చేసింది. ఎల్లాజీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా మొహం వెలిగిపోతోంది.

"తాతా! రా తాతా! ఎలా పలుకుతోందో చూడు!"

తాత వచ్చాడు. అరచేతిలో ఒక దొప్ప, దొప్పలో రెండాకుల మొలక. మడి గట్టు మీద నిలబడి కాసేపు చూశాడు.

"ఆ ఘాటేమిట్రా?"

"పెంట తాతా. సున్నం వేడికి..."

"గుంపస్వామి మోసిన పెంటేనా?"

"ఆఁ."

"దాని బలమంతా గాలికి పోతున్నట్టుందే," అన్నాడు తాత, తనలో తను అనుకుంటున్నట్టు.

తర్వాత ఆయన ఒంగి, కుడికాలి చెప్పు విడిచాడు. ఎడంకాలి చెప్పు విడిచాడు. రెంటినీ గట్టు మీద ఒక పక్కగా పెట్టాడు. పంచె కొంచెం ఎత్తి పట్టుకుని, పొగలు కక్కుతున్న మడిలోకి కాలు చాపాడు.

"తాతా!"

కొండ మారుమోగేలా అరిచాడు ఎల్లాజీ. ఒక్క దూకు దూకి, బురదలో మోకాళ్ళ మీద పడి, ఆ కాలు కింద ఆనకుండా రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా తాతా! తడి పాదం, వేడి సున్నం! చర్మం ఊడొచ్చేస్తాది! బట్టీలో ఎంతమంది కాళ్ళు చూశానో నీకేం తెలుసు?"

"మొలక పెట్టాలి కదరా," అన్నాడు తాత.

"పెడదాం తాతా, చెప్పులేసుకో! ముందు చెప్పులేసుకో!"

తాత పాదం ఇంకా ఎల్లాజీ చేతుల్లోనే ఉంది. ముసలి పాదం, మడమలు పగిలి, నరాలు తేలి, తేలిగ్గా. తాత అరచేతిలోని దొప్ప వంక చూశాడు. మోదుగాకు చీలికలోంచి తెల్లటి వేరొకటి, నూలుపోగంత, బయటికి వేలాడుతోంది.

"నాకు చెప్పులున్నాయి," అన్నాడు. "దీనికేవిరా?"

ఎల్లాజీ ఆ పాదాన్ని మెల్లిగా చెప్పులో పెట్టాడు. జల్లు పడుతూనే ఉంది. మడి బుసకొట్టడం మెల్లిగా తగ్గింది.

అప్పుడు తాత అడిగాడు. "సున్నంలో ఇదొక్కటే రకమా?"

"కాదు," అన్నాడు ఎల్లాజీ. "దీన్నే తడిపి చల్లార్చింది ఉంది. అదీ కాల్తాది, కాకపోతే కొంచెం తక్కువ. ఇంకోటుంది. అసలు బట్టీకి ఎక్కని గుల్ల. పచ్చిది. రోట్లో దంచి పొడి చేసి చల్లితే..."

"పలుకుతుందా?"

"పలకదు తాతా. నీళ్ళు పోసినా ఉలకదు. బట్టీలో దాన్ని మేం సున్నమనే అనం."

"కాలుతుందా?"

"పసిపిల్ల చేతిలో పెట్టినా ఏం కాదు."

"పనిచేస్తుందా మరి?"

ఎల్లాజీ ఆలోచించాడు. చిన్నప్పుడు బట్టీ పక్కన, ఏరి పారేసిన చిప్పల గుట్ట చుట్టూ మొలిచిన ఆకుకూర గుర్తొచ్చింది. ఎవరూ వెయ్యలేదు, ఎవరూ చూడలేదు. వాళ్ళమ్మ కొంగు నిండా కోసుకొచ్చేది.

"చేస్తాది," అన్నాడు. "నెమ్మదిగా. ఏడాది పడతాది, రెండేళ్ళు పడతాది. నేలకే తెలీదు."

"నేలెక్కడికీ పోదుగా. ఆగుతుంది," అన్నాడు తాత. "మనుషులే వెళ్ళిపోతారు."

ఆయన చూపు తడిక వైపు ఉంది. ఎల్లాజీ తల తిప్పి చూశాడు. గుంపస్వామి బట్టల మూట భుజాన వేసుకుని తడిక తోసుకుని బయటికి వెళుతున్నాడు. వానలో తల మీద గుడ్డ కూడా లేదు.

ఆ బాట ఎక్కడికి దిగుతుందో ఎల్లాజీకి తెలుసు. కింద మొదటి మలుపులోనే సారా పాక.

బురద మోకాళ్ళతో పరిగెత్తాడు. సగం దారిలో అందుకున్నాడు. అందుకున్నాక ఏమనాలో తెలియలేదు. నోటికొచ్చినవన్నీ పాత మాటలే, బట్టీలోంచి తీసినవి. సిగ్గు లేదా, పెళ్ళాం మొగం చూడు, చచ్చిపోతావు. ఒక్కోటీ నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కోటీ మింగాడు.

"తమ్ముడూ," అన్నాడు చివరికి. "బోలెడు గుల్ల దంచాలి. రోలు పెద్దది, నా ఒక్కడి వల్ల కాదు. ఒక చెయ్యి వేస్తావేటి?"

గుంపస్వామి అతని మొహం చూశాడు, బురద మోకాళ్ళు చూశాడు. తిట్టు వస్తుందని భుజాలు బిగించుకుని ఉన్నాడు. రాలేదు.

"అన్నం తిని మొదలెడదాం," అన్నాడు ఎల్లాజీ. అతని భుజం మీది మూట తీసి తన భుజాన వేసుకున్నాడు.

ఆ ఏడు చిక్కుడు ఆ మడిలో వెయ్యలేదు. వానకి వదిలేశారు. ఎల్లాజీ మళ్ళీ సముద్రం ఒడ్డుకి వెళ్ళి, ఈసారి బట్టీకి వెళ్ళకుండా ఇసకలో దొరికిన పచ్చి గుల్ల గోతాలకెత్తుకొచ్చాడు. కండక్టర్ దూరం నుంచే "మళ్ళీ అదేనా బాబూ?" అని బెదిరాడు. "ఇది తడిసినా ఫర్వాలేదు," అన్నాడు ఎల్లాజీ.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో దంచారు. ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు. గుల్ల అంత తేలిగ్గా నలగదు. పిండి కావాలంటే చేతులు బొబ్బలెక్కాలి. రోజులు గడిచాయి. ఒక సాయంత్రం గుంపస్వామి రోకలి ఆపి అన్నాడు:

"అన్నా, నాను మళ్ళీ తాగుతానేమో."

ఎల్లాజీ లోపల ఏదో బుస్సుమంది. రోట్లోకి చూశాడు.

"ఇంకా ముక్కలున్నాయి," అన్నాడు. "దంచు."

పొడి చల్లారు. ఏమీ కాలేదు. నేల ఉలకలేదు, పలకలేదు. వ్యవసాయం అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు మట్టి చేతిలోకి తీసుకుని, "ఇదే చెబుదామనుకున్నాను ఆ రోజు, కాల్చనిది వెయ్యమని!" అంది. "చెప్పు తల్లీ, ఇప్పుడు చెప్పు, వింటాను," అన్నాడు ఎల్లాజీ. చెప్పిందంతా విన్నాడు, తెలిసిందైనా సరే.

పై ఏడు చిక్కుడు తీగ పందిరి సగం దాకా పాకింది. గొప్ప కాపేం కాదు. గురువారం కూరకి సగం మడిలోవి, సగం సంతలోవి. పులిచింత ఇంకా ఉంది, పలచబడింది. ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి. చిన్నాలమ్మ వచ్చినప్పుడల్లా ఆ ఆకులు తడిమి చూసుకునేది, పక్కనే మొగుడు నీళ్ళు పోస్తుంటే.

అలాంటి రోజుల్లో ఒక గురువారం, గుంపస్వామి ఉప్పు కోసమని కిందికి వెళ్ళాడు. మధ్యాహ్నం బంతి లేచింది, అతను రాలేదు. జనం వెళ్ళబోతూ వెళ్ళబోతూ ఆగారు. చిన్నాలమ్మ వెళ్ళలేదు. పొద్దు వాలుతుండగా తడిక కిర్రుమంది.

గుంపస్వామి లోపలికి వచ్చాడు. రెండడుగులు వేసి, తూలి, చిక్కుడు పందిరి గుంజ పట్టుకుని ఆగిపోయాడు. ఇంక ముందుకి రాలేదు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. ఉప్పు పొట్లం ఒకటి గుండెకి అదిమి పట్టుకున్నాడు. అది మాత్రం పారేసుకోలేదు.

అరుగు మీద అందరూ ఎల్లాజీ వంకే చూస్తున్నారు. ఆ రోజు కిసుక్కుమని నవ్విన మనిషి కూడా అక్కడే ఉన్నాడు. చిన్నాలమ్మ రెండు చేతులూ జోడించి నోటికి ఆనించుకుంది. ఎవరికి దండం పెడుతోందో ఆమెకే తెలియాలి.

ఎల్లాజీ లేచాడు. అతని దవడ బిగుసుకుని ఉంది. లోపలికి వెళ్ళి, తీసి ఉంచిన అన్నం ఆకు పట్టుకొచ్చాడు. మెట్ల దగ్గర ఆగాడు. ఒంగి ఒక కాలి చెప్పు విడిచాడు. రెండో కాలిదీ విడిచాడు.

పందిరి దాకా దారంతా గులకరాళ్ళే.

"ఒరే, చెప్పులు మరిచిపోయావు," అన్నాడు సైదయ్య తాత వెనకనించి.

"లేదు తాతా," అన్నాడు ఎల్లాజీ, రాళ్ళ మీద మెల్లిగా నడుస్తూ.